ఉప్పులేని తొలి ముద్ద

పెంచలయ్యకు వచ్చిన చిక్కు ఏమిటంటే, అతనికి కోపం పోయింది. పోయిందని గురువు ఒప్పుకోవడం లేదు.

వెలిగొండల అంచున రెండు గదులూ ఒక రేకుల పంచా ఉన్న చిన్న ఆశ్రమం అది. గురువు ఓబయ్యస్వామి, డెబ్భై అయిదేళ్ల మనిషి. సన్యాసం తీసుకోకముందు అదే కొండమీద మేకలు కాసేవాడు. పొద్దు వాలగానే పైనున్న గుహలోకి ఎక్కి, తెల్లారాక దిగుతాడు. శిష్యుడు పెంచలయ్య ఒక్కడే.

పెంచలయ్య పూర్వం నెల్లూరు నుంచి బద్వేలుకు పోయే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరు. నోరు తెరిస్తే తిట్టు, చెయ్యెత్తితే దెబ్బ. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గోనెసంచి అడ్డం తియ్యలేదని ఒక ముసలాయన్ను దారి మధ్యలో దించేశాడు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆ మనిషి సంచిమీద కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు. ఆ ముసలాయన అతన్ని వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే కనిపించేవాడు. నెల తిరక్కుండా పెంచలయ్య ఉద్యోగం మానేసి కొండెక్కాడు.

అది జరిగి ఏడేళ్లు.

"కాషాయం ఎప్పుడిస్తారు స్వామీ?" అని ఉగాదినాడు అడిగాడు.

"తొందరేందిరా?"

"ఏడేళ్లయింది. ఒక్కరోజు గొంతు పెంచలేదు. ఒక్కరిమీద చెయ్యెత్తలేదు. ఇంకేం కావాల?"

"ఉప్పూకారం తింటన్నావు గదా నాయనా, కోపం యాడికి పోతుంది? చూద్దాంలే" అన్నాడు స్వామి, ఉసిరికాయ ఊరగాయ నాకుతూ.

పెంచలయ్య చిరునవ్వు నవ్వాడు. అతని చిరునవ్వు అప్పటికే బాగా ముదిరింది. కాషాయం ఇచ్చేనాడు పెట్టుకోవడానికి శాంతానంద అనే పేరు కూడా ఎంచి పెట్టుకున్నాడు. నోటుపుస్తకం చివరి పేజీలో ఆ పేరుతో సంతకం సాధన చేస్తున్నాడు కూడా. ఆ సంగతి గురువుకు తెలియదనుకున్నాడు. కాలికి పాంకోళ్లు మాత్రం అప్పుడే తొడిగేశాడు. అవి టకటకమంటుంటే తనకే భక్తి పుట్టేది.

ఆశ్రమానికి ఒక కుక్క ఉంది. పేరు ఎర్రక్క. పదకొండేళ్లది. పెంచలయ్యకంటే నాలుగేళ్లు సీనియరు.

అక్కడ వంట లేదు. రోజూ పొద్దున్నే జోలె భుజాన వేసుకుని కింద ఊళ్లోకి దిగి, అయిదిళ్ల ముందు నిలబడి, పెట్టింది తెచ్చుకోవాలి. మధూకరం అంటారు దాన్ని. అన్నం, పప్పు, పులుసు, ఊరగాయ, అన్నీ ఒకే జోలెలో కలిసిపోతాయి. తెచ్చినదాంట్లో తొలి ముద్ద ఎర్రక్కకు. అది ఓబయ్యస్వామి పెట్టిన నియమం. కుక్క తిన్నాకే మనుషులు తినాలి.

కొండెక్కిన కొత్తలో పెంచలయ్యకు అడుక్కోవడం చేతకాలేదు. ఒకరి వాకిట్లో నిలబడి చెయ్యి చాచాలంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అప్పుడు ఎర్రక్కే ముందు నడిచింది. గడప ముందు కూర్చుని, అరవకుండా, గోకకుండా, తలెత్తి చూస్తూ ఉండేది. పెడితే తోక ఊపేది. పెట్టకపోతే, అప్పుడూ తోక ఊపి పక్కింటికి పోయేది. దాన్ని చూసి పెంచలయ్య అడగడం నేర్చుకున్నాడు. ఏడేళ్లలో ఆ సంగతి మరిచిపోయాడు.

వైశాఖంలో ఎర్రక్క నీళ్లు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. తొట్టి నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. తాగిన నీళ్లు ఊరుకుంటాయా? ధ్యానం చేసుకునే పంచలో, చాపలమీద, ఒకనాడు దేవుడి పీట పక్కనే పోసేసింది. అన్నం ముందు పెడితే వాసన చూసి తల తిప్పుకునేది. పక్కటెముకలు తేలాయి. నోరు వాసన కొట్టేది. ఎండలు గదా అనుకున్నాడు పెంచలయ్య.

రోజూ చాపలు ఉతికాడు. గోమూత్రం చల్లాడు. గొంతు పెంచలేదు. మరి ఏం చేశాడంటే, సాయంత్రం స్వామి గుహకు ఎక్కిపోగానే ప్రశాంతంగా తొట్టి బోర్లించేసేవాడు. తాగితేనే గదా పోసేది! ఎర్రక్కను గేటు బయట కట్టేసేవాడు. అది మూలిగితే చీపురు ఎత్తి చూపించేవాడు. కొట్టలేదు, చూపించాడంతే. తెల్లవారి స్వామి దిగేలోపు దాన్ని విప్పి, తొట్టి నిలబెట్టి నీళ్లు పోసి ఉంచేవాడు.

చాపలు ఆరిపోయాయి. తన ఉపాయాన్ని తనే మెచ్చుకున్నాడు.

ఆషాఢంలో ఒక పొద్దున మధూకరానికి బయలుదేరారు. ఎప్పటిలాగే ఎర్రక్క ముందు. మొదటి ఇల్లు చెంగమ్మది. పదకొండేళ్లుగా ఎర్రక్క కూర్చున్న గడప అది. ఆ రోజు అది గడప దగ్గర ఆగలేదు. నేరుగా వెళ్లి అరుగుకు తల కొట్టుకుంది. వెనక్కి జరిగి, మళ్లీ వెళ్లి, మళ్లీ కొట్టుకుంది.

"అయ్యో! దీనికి కళ్లు కనపడటం లేదు సామీ" అంది చెంగమ్మ, చేతిలోని అన్నం గిన్నె కింద పెట్టేసి.

పెంచలయ్య ఎర్రక్కను ఎత్తుకుందామని వంగాడు. పాంకోళ్లు టకమన్నాయి. అది కాళ్ల మధ్య తోక దూర్చుకుని నేలకు అతుక్కుపోయింది. చెంగమ్మే దాన్ని చంకనేసుకుని కొండదాకా తెచ్చింది.

స్వామి కబురు పంపితే మధ్యాహ్నానికి పశువుల డాక్టరమ్మ నసీమా వచ్చింది. కళ్లలో లైటు వేసి చూసింది. రక్తం తీసుకుంది, మూత్రం పట్టుకుంది.

"కంటి వెనక పొర ఊడినట్టుంది స్వామీ. బీపీ బాగా పెరిగితే ఇట్లా ఒక్కసారిగా చూపు పోతుంది. ఈ వయసులో కుక్కలకు చాలాసార్లు కిడ్నీలు చెడిపోయి బీపీ వస్తుంది. ముందు బీపీ చూద్దాం."

"కుక్కలకూ బీపీ ఉంటదా?" అన్నాడు స్వామి.

"మీకున్నట్టే."

"ఓహో. నాకూ ఎర్రక్కకూ ఒకటే జబ్బా?" స్వామి ఏదో చుట్టరికం కలిసినట్టు సంబరపడ్డాడు.

డాక్టరమ్మ సంచిలోంచి చిన్న మిషను తీసింది. పసిపిల్లల చేతికి కట్టే పట్టీ లాంటిది దానికి ఉంది. "ఎవరైనా ఒళ్లో పడుకోబెట్టుకోవాలి. అది బెదరకూడదు. భయపడితే బీపీ పెరిగిపోయి లెక్క తప్పొస్తుంది."

"నేను పట్టుకుంటాను" అన్నాడు పెంచలయ్య. ప్రశాంతత కావాలంటే ఆ కొండమీద తనను మించినవాడెవడు? పద్మాసనం వేసుకుని, కళ్లు మూసుకుని, ఎర్రక్కను ఒళ్లో పెట్టించుకున్నాడు.

డాక్టరమ్మ ముందుకాలికి పట్టీ కట్టి పది నిమిషాలు ఆగింది. మీట నొక్కింది.

"రెండు వందల పద్దెనిమిది."

ఇంకాసేపు ఆగి మళ్లీ చూసింది. "రెండు వందల ఇరవై మూడు." మళ్లీ. "రెండు వందల ఇరవై ఆరు. ఇదేంటి, తగ్గాల్సింది పోయి ఎక్కుతోంది!"

"ఇట్టియ్యి నాయనా" అన్నాడు స్వామి.

కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పద్మాసనం లేదు, ఏమీ లేదు. ఎర్రక్క తల ఆయన పొట్టమీద పెట్టి ఒక నిట్టూర్పు విడిచింది. పది నిమిషాలయ్యాక డాక్టరమ్మ మళ్లీ నొక్కింది.

"నూట ఎనభై ఎనిమిది. నూట ఎనభై ఆరు. నూట ఎనభై నాలుగు." కాగితంమీద రాసుకుంది. "ఇది అసలు జబ్బు. ఇదీ ఎక్కువే. ఇందాక వచ్చిన మిగతాది భయం."

పెంచలయ్య ఇంకా పద్మాసనంలోనే ఉన్నాడు.

"నీళ్లు బాగా తాగుతోందా? రోజంతా అందుబాటులో ఉంటున్నాయా?" అని డాక్టరమ్మ అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎర్రక్క వణుకు తొడలమీద ఇంకా తెలుస్తూనే ఉంది. అందుకని నిజమే చెప్పాడు.

"పొద్దు గూకితే తొట్టి బోర్లిస్తన్నా. చాపలు తడుపుతాందని. రెండు నెలలయింది. గేటు బయట కట్టేస్తన్నా. చీపురు చూపిస్తన్నా."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. అయినా పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగానే చెప్పింది. "కిడ్నీ చెడితే నీళ్లు ఒంట్లో నిలవ్వండీ. పోతూనే ఉంటాయి. అందుకే అది తాగుతూ ఉంటుంది. జబ్బు మీ వల్ల వచ్చింది కాదు. కానీ నీళ్లు ఆపితే ఉన్న కిడ్నీ కూడా పోతుంది."

స్వామి లేచాడు. తొట్టి దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నం కాబట్టి అది నిలబడే ఉంది, కానీ ఖాళీగా ఉంది. బోరింగు దగ్గర తనే బిందె నింపుకుని, రొప్పుతూ మోసుకొచ్చి పోశాడు. పెంచలయ్య అందుకోబోతే చేత్తో వద్దన్నాడు. తర్వాత ఎర్రక్కను ఎత్తుకొచ్చి, మూతికి నీళ్లు తగిలేలా దించాడు.

ఎర్రక్క తాగింది. ఆ పంచలో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ తాగింది. ముగ్గురూ నిలబడి విన్నారు.

"కోపం వచ్చి చేశావా?" అని అడిగాడు స్వామి.

"లేదు స్వామీ. కోపం రాలేదు."

"అదే నాకు భయంగా ఉండాది. కోపంతో చేసుంటే ఒకనాటికి చల్లారేవాడివి."

పెంచలయ్య తల వంచుకున్నాడు.

"కాషాయం అడిగావు గదా," అన్నాడు స్వామి, గొంతులో ఎత్తిపొడుపు లేకుండా. "నీ ఒళ్లోనూ నా ఒళ్లోనూ ఎర్రక్క లెక్క ఒకటే వచ్చిననాడు తీసుకో."

మర్నాడు డాక్టరమ్మ ఫోను చేసింది. కిడ్నీలు సగానికి పైగా చెడిపోయాయి. నయమయ్యేది కాదు. బీపీ దించకపోతే గుండెకో మెదడుకో తగిలి నెలలోపే పోవచ్చు. దించగలిగితే కొన్నాళ్లు సుఖంగా బతుకుతుంది. రోజూ మాత్ర వెయ్యాలి, నీళ్లు ఎప్పుడూ ఉండాలి, ఉప్పూ ఊరగాయా కలిసిన అన్నం పెట్టకూడదు. "స్వామి డబ్బాలో ఉన్న బీపీ మాత్ర మాత్రం దానికి వెయ్యకండి. జబ్బు ఒకటే అయినా మందూ మోతాదూ వేరు" అని రెండుసార్లు చెప్పింది.

పదకొండేళ్లుగా ప్రేమతో పెట్టిన తొలి ముద్దలో చారెడు ఉప్పుంది. ఆ సంగతి గురువుకూ తట్టలేదు, శిష్యుడికీ తట్టలేదు.

ఆ పొద్దున పెంచలయ్య పాంకోళ్లు గూట్లో పెట్టేసి ఒట్టి కాళ్లతో ఊళ్లోకి దిగాడు. ముందు నడిచే ఎర్రక్క లేదు. చెంగమ్మ గడప ముందు నిలబడ్డాడు. మొదటిరోజు సిగ్గు మళ్లీ వచ్చింది.

"అమ్మా, ఉప్పు వెయ్యకముందు ఒక ముద్ద తీసి పెడతావా? ఎర్రక్కకి."

చెంగమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. సంగతంతా ఊరికి తెలిసిపోయింది. పల్లెలో దాగేదేముంది? "నీకు పెట్టను సామీ," అంది. "దానికి పెడతా." అని చప్పటి గుమ్మడికాయ ముక్కలు కలిపిన అన్నం ఆకులో కట్టి ఇచ్చింది. జోలెలో మాత్రం ఏమీ వెయ్యలేదు.

పెంచలయ్య దణ్ణం పెట్టి పక్కింటికి పోయాడు.

ఎర్రక్క అతని చేతి ముద్ద ముట్టలేదు. మొదటి వారం మాత్ర స్వామే వేశాడు. పెంచలయ్య అన్నం పెట్టి, అయిదు బారల దూరంలో కూర్చునేవాడు. అతను అక్కడున్నాడని తెలిస్తే చెవులు నిక్కించి బిగుసుకుపోయేది. లేచిపోతే తినేది. అట్లా వారం గడిచాక ఒకనాడు, ఏదో ఒకటి మాట్లాడితే నయమేమో అనిపించింది. కుక్కతో ఏం మాట్లాడాలి? శ్లోకాలు చదివితే తనకే నవ్వొచ్చింది. చివరికి కంఠతా వచ్చినది ఒకటే తేలింది. మెల్లిగా, జోలపాట మాదిరి, బస్సు స్టాపులు చెప్పడం మొదలుపెట్టాడు.

"బుచ్చి... సంగం... ఆత్మకూరు... మర్రిపాడు... బద్వేలు."

ఎర్రక్క చెవి కదిలింది. అతను మళ్లీ నెల్లూరు నుంచి బయలుదేరాడు.

నీళ్ల తొట్లు అయిదు చేశాడు. గుడ్డిది వెతుక్కోకూడదని గదికొకటి, పంచలో రెండు, గేటు దగ్గర ఒకటి. చాపలు తీసేసి పాత గోనెపట్టాలు పరిచాడు. తడిస్తే ఉతికేవాడు, ఆరేసేవాడు, మళ్లీ పరిచేవాడు. చీపురుతో ఊడవడం మానేసి, గుడ్డతో తుడిచాడు. ఒక్కోరోజు నాలుగోసారి తుడుస్తున్నప్పుడు కోపం వచ్చేది. నిజం కోపం, మంటలాంటి కోపం. "నీ దుంప తెగ, ఇప్పుడే గదే తుడిచింది!" అని అరిచేశాడు ఒకసారి. అరిచాక భయపడి గురువువైపు చూశాడు.

స్వామి హాయిగా నవ్వుతున్నాడు. ఎర్రక్క బెదరలేదు. తోక ఒకసారి నేలకేసి కొట్టింది. ఏడేళ్ల చిరునవ్వును చూసి వణికిన కుక్క ఆ తిట్టుకు వణకలేదు.

శ్రావణంలో చూస్తే పెంచలయ్య ఒళ్లో రెండు వందల అయిదు, స్వామి ఒళ్లో నూట డెబ్భై రెండు. భాద్రపదంలో నూట తొంభై, నూట అరవై. డాక్టరమ్మ నెలనెలా కొండెక్కి వచ్చి చూసేది. మాత్ర ఒకసారి మార్చింది. ఎడమ కంట్లో కాస్త వెలుగు తెలుస్తున్నట్టుందని ఒకసారి అంది. పెంచలయ్య ఆ రోజంతా ఆ కంటి ముందు చెయ్యి ఊపుతూ గడిపాడు.

మెల్లిమెల్లిగా చెంగమ్మ జోలెలో కూడా అన్నం వెయ్యసాగింది. అయిదిళ్లలోనూ ఉప్పు వెయ్యకముందే ఒక ముద్ద పక్కన పెట్టడం అలవాటైంది. కుక్క చప్పిడి తింటుంటే తాను ఊరగాయ నాకడం బాగోదని స్వామి కూడా ఉప్పు తగ్గించాడు. "గడ్డి తిన్నట్టుండాది" అని రోజూ గొణిగేవాడు. ఆయన బీపీ కూడా దిగింది. పెంచలయ్యకు ఊరి ఆడవాళ్లు పేరు పెట్టారు. "ఉప్పులేని సామి వచ్చాడమ్మా" అని కేకేసుకునేవాళ్లు.

ఆశ్వయుజం చివర ఒక పొద్దున పెంచలయ్య జోలె తగిలించుకుంటుంటే కాలికి ఏదో తగిలింది. ఎర్రక్క. పిక్కకు ముక్కు ఆనించి నిలబడింది. అతను ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేసింది. అట్లా పిక్కను ఆనుకునే ఊరిదాకా దిగి, చెంగమ్మ గడప ముందు కూర్చుంది. తలెత్తింది.

పెంచలయ్య దాని పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. మొదటిసారి ఈ గడప ముందు తాను సిగ్గుతో చస్తుంటే ఎవరు ముందు కూర్చున్నారో అప్పుడు గుర్తుకొచ్చింది. కన్నీళ్లు ఆగలేదు. "నువ్వు నేర్పిన అన్నమే గదే తింటన్నా ఏడేళ్లనుంచీ" అన్నాడు. చెంగమ్మ అన్నం గిన్నె పట్టుకుని, అతన్ని ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, అప్పుడు వడ్డించింది.

కార్తీక పౌర్ణమినాడు డాక్టరమ్మ వచ్చింది. పెంచలయ్య గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎర్రక్క తనంతట తనే తడుముకుంటూ వచ్చి ఒళ్లోకి ఎక్కింది. ఒక చుట్టు తిరిగి, ముడుచుకుని పడుకుంది. అతను దాని చెవిలో నెమ్మదిగా ఊళ్లు చెప్పసాగాడు. మర్రిపాడు చేరేసరికి గురక వినిపించింది.

డాక్టరమ్మ మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. అయిదుసార్లు చూసింది.

"నూట నలభై ఎనిమిది," అంది గుసగుసగా. "ఇంక స్వామి ఒళ్లో చూద్దామా?"

"వద్దులే అమ్మా. లేపబాకండి" అని స్వామి లోపలికి వెళ్లాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతుల్లో మడత పెట్టిన కాషాయం ఉంది. దాన్ని చూశాక గానీ పెంచలయ్యకు గుర్తుకు రాలేదు, తాను అదొకటి అడిగి ఉన్నానని. ఉగాదినుంచి మళ్లీ అడగనేలేదు.

"ఏం పేరు పెట్టుకుంటావు? శాంతానందా?"

పెంచలయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు. "నోటుపుస్తకం చూశారా స్వామీ?"

"సంతకం బాగుండాది. పేరు మాత్రం ఊరోళ్లు పెట్టిందే ఉంచుకో."

"అట్టనే స్వామీ."

కాషాయం తీసుకునేవాడు లేచి, గురువుకు సాష్టాంగపడి, రెండు చేతులూ చాచి అందుకోవాలి. అది ఆనవాయితీ. పెంచలయ్య లేవబోయాడు. ఒళ్లో ఎర్రక్క కాలు ఒకసారి కదిలింది, గురక తడబడింది. అతను ఆగిపోయాడు. గురువువైపు చూశాడు, కుక్కవైపు చూశాడు.

ఓబయ్యస్వామి ఒక చెయ్యి గోడకు ఆనించుకుని, మోకాళ్లు కటకటమంటుంటే మెల్లిగా వంగాడు. బాగా కిందికి వంగి, ఆ బట్టను శిష్యుడి భుజాలమీద తనే కప్పాడు.

"స్వామీ! మీకు దణ్ణం పెట్టలేదు..."

"కదలబాక నాయనా," అన్నాడు స్వామి. "అది నిద్రపోతాంది."